నీళ్ళు తాగని రాయి

మా నాయన సానరాయిని బావిలో పోగొట్టింది నేనే. ఊర్లో ఇంకో రకంగా చెప్పుకుంటారు. ఆ ఇంకో రకం కూడా నేను చెప్పిందే.

పాకాల చుట్టుపక్కల నాకు కతలోడని పేరు. నేను వర్షం వచ్చిందంటే జనం అరుగు దిగి చెయ్యి చాపి చూసి నమ్ముతారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. యాభై దగ్గర పడుతున్నాను, ఇప్పటికీ ఉత్త అన్నం తిన్నానని చెప్పడం నాకు చేతకాదు, పక్కన ఏదో ఒక కూర వండి పెట్టాల్సిందే. అయితే ఈ రాయి సంగతి మాత్రం ఎవరికీ ఉన్నదున్నట్టు చెప్పలేదు. ఎనభైలు మొదలైన కొత్తల్లో జరిగింది. అప్పటికి నాకు పెండ్లయి రెండేండ్లు.

మా నాయన మామిడి అంట్లు కట్టేవాడు. దామలచెరువు మండీకి పోయే బండ్లలో సగం కాయ ఆయన కట్టిన చెట్లదే అని నేను చెప్తా ఉంటాను. సగం కాకపోయినా బండికొక గంపయినా ఉంటాది. మంచి చెట్టు కొమ్మ పక్కకు టెంక మొలిచిన మొక్కను కుండతో సహా ఎత్తి కట్టి, రెంటికీ బెరడు చెక్కి, కోతకు కోత ఆనించి, అరటి నారతో బిగించేవాడు. రెండు నెలలకు రెండూ ఒకటయ్యేవి. ఆ పనిలో ఉండేదంతా కోతలోనే. కత్తి ఒక్క దూపున, ఆగకుండా ఒకే లాగుడుకు పోవాల. కోసిన ముఖం అద్దం మాదిరి మెరవాల. రెండు ముఖాల నడుమ వెంట్రుక దూరేంత సందున్నా గాలి పోతాది, గాలి పోతే అంటు చస్తాది. కోత కత్తిలో ఉంటాది, కత్తి రాతిలో ఉంటాది అనేవాడు.

ఆ రాయి బెల్లపచ్చంత ఉండేది. మా తాత కాలం నాటిది. నడుమ అరిగి అరిగి పడవ మాదిరి వంగిపోయింది. నీళ్ళ చట్టిలో వేస్తే కొంచెం సేపు బుడబుడమని బుడగలు వదిలేది. బుడగలు ఆగేదాకా నాయన బీడీ కూడా ముట్టించేవాడు కాదు. 'తాగనియ్' అనేవాడు. నన్ను దాన్ని తాకనిచ్చేవాడు కాదు. నీ నోరు మాదిరే నీ చెయ్యి కూడా తిన్నగా పోదు రా అని నలుగురిలో అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. అంట్లు కట్టడం చూసి నేర్చుకున్నానే గాని, కత్తి నూరడం ఆయన చెయ్యే.

ఆ యేడు శివరాత్రి దాటినాక ఒక పొద్దున ఆయన మంచం మీంచి లేవలేదు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి. నోరు ఒక పక్కకు పోయింది. రెండు మాటలు, మూడు మాటలు, అంతకంటే ఒక్కసారిగా వచ్చేవి కావు. ఆ రెండు మాటల్లో మొదట చెప్పింది, అన్నం ఎవరూ తినిపించొద్దని. ఎడమచేత్తో సగం మీద పోసుకుని సగం తినేవాడు. అమ్మ ముద్ద కలిపి నోటి దగ్గరికి తెస్తే మొగం తిప్పుకునేవాడు.

ఆయన మంచాన పడిన నెలకు నేను రాయిని బావిలో వేసినాను. వేసినానంటే, ఆ పొద్దు బావి దగ్గర ఇద్దరు స్నేహితులుంటే, మా రాయి ఒక చెంబు నీళ్ళు తాగుతాదని మొదలుపెట్టినాను. చెంబు బిందె అయింది. బిందె కాగు అయింది. వాళ్ళు నవ్వి, అయితే బావిని తాగించు సూద్దాం అన్నారు. ఇంట్లోకి పోయి రాయి తెచ్చి, చేంతాడు కొసకు కట్టి దించినాను. తడిసిన తాడు ముడి జారింది. గాలం వేసి రెండు దినాలు వెతికినాను. ఎప్పుడో పోయిన మా అవ్వ ఇత్తడి బొక్కెన దొరికింది. రాయి దొరకలేదు. బావికి దాహం తీరక మా రాయిని పట్టుకుందని ఊర్లో కత చెప్పినాను. ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు.

ఇంక చెట్టు సంగతి. మా ఇంటి వెనక తొట్టి పక్కన ఒక మామిడి చెట్టు ఉండేది. అంటు చెట్టు కాదు. మా అవ్వ పారేసిన టెంక మొలిచింది. బేనీషా అయిపోయి, నీలం కాయ కూడా అడుగంటి, అన్ని తోటలూ ఖాళీ అయినాక ఆషాఢంలో మాగేది. తోలు పల్చన, పీచు లేదు, కోస్తే పసుపు కొమ్ము వాసన. పలమనేరు నుంచి కూడా వచ్చి అంటు అడిగినారు. నాయన ఎవరికీ కట్టి ఇవ్వలేదు. మాకూ కట్టుకోలేదు. ఇంటి చెట్టే కదా, యాడికి పోతాది, తీరిగ్గా కడదాములే అనేవాడు. ఊరందరికీ కట్టినాడు. దీన్ని రేపు రేపని నలభై యేండ్లు జరిపినాడు.

మే నెలాఖరున, కత్తిరి ఎండల చివర ఒక సాయంత్రం ఉరుములు తెచ్చుకున్న వానలో పిడుగు దాని మీద పడింది. తల నుంచి మొదలు దాకా బెరడు చీరుకుపోయింది. ఇది నా కత కాదు, అమ్మ కూడా చూసింది.

పొద్దున్నే నాయనను కుర్చీతో సహా మోసుకుపోయి చెట్టు కింద పెట్టినాము. పై కొమ్మల్లో ఆకు అప్పటికే ముడుచుకుపోతా ఉంది. తూర్పు పక్క కిందికి వంగిన ఒకే కొమ్మ పచ్చగా ఉంది. ఎడమచేత్తో దాని ఆకు ఒకటి తుంచి, వాసన చూసి, 'పది దినాలు' అన్నాడు. కొమ్మకు కట్టి రెండు నెలలు ఆగే పాత పద్ధతికి చెట్టు బతకదు. పుల్ల కోసి, మొక్క పక్కన బెరడు చెక్కి అతికించాల. అట్లా కట్టడం కష్టం. పుల్లకు తల్లి ఉండదు కాబట్టి కోత ఏమాత్రం చెడినా తాగడానికేమీ లేక మాడిపోతాది. ఆ కొమ్మకు పనికొచ్చే పుల్లలు లెక్కబెడితే పదకొండు ఉండాయి. పెరట్లో కుండల్లో మొక్కలు అంతకంటే ఎక్కువే ఉండాయి. పదకొండు తీసినాను.

'రాయి?' అన్నాడు.

రోటి మీద పడి పగిలిపోయిందని చెప్పినాను. ఆయన నా మొగం చూసినాడు. నోరు సరిగ్గా ఉండి ఉంటే ఏమి అనుండేవాడో తెలీదు. కొంచెం సేపటికి, ఒక్కో మాట మధ్య ఊపిరి తీసుకుంటా, 'కొత్తది. తడుపు. ఇను. గోరు' అన్నాడు. అంటే కొత్త రాయి కొనేటప్పుడు ముందు నీళ్ళలో వేసి చూడాల, కత్తి ఆనించి శబ్దం వినాల, ఆ తరువాత గోటి మీద రుద్ది చూడాల. నాకు చివరి మాటే చెవిన పడింది. గోటితో చూడడం చిన్నప్పటి నుంచి చూస్తా ఉన్నదే. బొటనవేలి గోటి మీద రాతిని రుద్దితే, గరుకు రాయి తెల్లగా గీతలు గీస్తాది, పొడి రాలుస్తాది. మెత్తన రాయి గోటి మెరుపు తీసేసి ఊరుకుంటాది.

మా ఊరి మంగలాయన రాయి ఉంటే ఇంత కత ఉండేది కాదు. ఆయన వేసవి రద్దీకని తిరుమల కొండ మీద గుండ్లు గీసే పనికి పోయినాడు, కత్తుల పొదితో సహా. వడ్రంగం చేసే వడ్లాయన దగ్గర ఉండేది బాడిసె నూరే రాయి. దాంతో నూరితే కత్తి రంపమవుతాది. పాసింజరు రైలెక్కి తిరుపతికి పోయినాను.

తిరుపతిలో స్టేషన్ బయట పేవ్‌మెంటు మీద ఒకాయన తాళాలు, దువ్వెనలు, కత్తెరలు పరుచుకుని కూర్చునుండాడు. ఒక పక్క సానరాళ్ళ కుప్ప. బూడిద రంగువి, చవక రాళ్ళు. నూనె గుడ్డ ఒకటి చేతిలో పెట్టుకుని ఒక్కొక్క రాయినీ తుడిచి పేరుస్తా ఉండాడు. దుమ్ము పడకుండా అనుకున్నాను. నేను కూర్చుని ఒక్కోటీ గోటి మీద రుద్దినాను. చెవి దగ్గర పెట్టుకుని తట్టినాను. పక్కనోళ్ళు చూస్తా ఉంటే ఊరుకోగలనా, నాలుక కొసతో కూడా తాకి, మా వంశంలో రాయి రుచి చూసే గరుకెంతో చెప్తామన్నాను.

'ఏమన్నా, రాయి కొనను వచ్చినావా, పెండ్లిచూపులకా?' అన్నాడు ఆయన. సగం అరవ యాస. 'ఇంకొంచెం సేపుంటే తాంబూలాలు కూడా మార్చుకుంటావు మాదిరి ఉండావు.'

నలుగురూ నవ్వినారు. నవ్వినాక ఇంక వాటికి నీళ్ళు చూపించి పరీక్ష చేయబుద్ధి కాలేదు. గోటి మీద గీత పడని రాయి ఒకటి తీసుకున్నాను. చేతికి నున్నగా, చల్లగా ఉంది. పాకాల వచ్చేదాకా రైల్లో దాన్ని తువ్వాలులో నుంచి తీసి తీసి తడిమినాను.

ఇంటికొచ్చి నీళ్ళ చట్టిలో వేసినాను. ఒక్క బుడగ రాలేదు. నాయన తిన్నె మీద పడుకుని ఉండాడు. చట్టి వైపు చెవి పెట్టి, 'తాగిందా?' అన్నాడు.

ఆ పొద్దు నిజం చెప్పుంటే సరిపోయేది. తాగలేదు నాయనా, ఎందుకో తెలీలేదు, ఇంతే మాట. నా నోట్లో నుంచి వచ్చింది వేరే. 'తిరుపతి రాయి కదా నాయనా, ఏకాదశి ఉపవాసం ఉండాది. పచ్చి నీళ్ళు కూడా ముట్టదంట' అన్నాను.

ఆయన నవ్వినాడు. సగం మూతితోనే, గొంతులో గురకతోనే. మంచాన పడినాక అదే మొదటి నవ్వు. లోపల్నుంచి అమ్మ కూడా పరుగెత్తుకొచ్చి చూసింది. ఆ నవ్వుతో నీళ్ళ సంగతి అక్కడికి ముగిసిపోయింది. ఇంక ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

రాయి ఇమ్మన్నట్టు చెయ్యి చాపినాడు. ఒళ్ళో పెట్టినాను. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి తెచ్చుకుని, ఆ బొటనవేలి గోటిని రాతి మీద పెట్టి లాగినాడు. ఆ వేలితో ఎన్ని రాళ్ళు చూసినాడో. వేలు కదిలింది గాని ఆయన మొగంలో ఏమీ కదల్లేదు. ఆ వేలికి స్పర్శ లేదు. ఎడమ గోటితో చూసినాడు. ఇటు రుద్దినాడు, అటు రుద్దినాడు. తలకాయ అడ్డంగా ఊపినాడు.

'తెలీలేదు' అన్నాడు. 'నువ్వు చెప్పు.'

ఇరవై ఆరేండ్లలో ఆ మనిషి నన్ను ఒక సంగతి తేల్చి చెప్పమని అడగడం అదే మొదలు. నేను రుద్దినాను. నడుమంతా నున్నన. ఒక అంచున, నూనె గుడ్డ ఆననిచోట, గోటికి చురుక్కుమని ఏదో తగిలింది. దాన్ని తగల్లేదు అనుకున్నాను.

'వెన్న నాయనా' అన్నాను.

మరుసటి దినం చెట్టు ఆకు సగానికి పైన ఎండిపోయింది. పొద్దెక్కకముందే పుల్లలు కోసుకొచ్చి తడిగుడ్డలో చుట్టి, పెరటి చూరు నీడన కూర్చున్నాను. తిన్నె మీద నాయన అటు తిరిగి పడుకున్నాడు. ఆయనకు నేను కనిపించను, వినిపిస్తాను. కత్తి నూరినాను. మెత్తగా, పిల్లి నడిచినట్టు పోయింది. ముంజేతి వెంట్రుకల మీద పెడితే రాలినాయి. నాలుగు అంట్లు కట్టినాను. కోతలు మెరిసినాయి. నాయన మాదిరే ఉండాయని నాకు నేనే అనుకుని, ఆ నాలుగింటికీ మనసులో ఒక కత కూడా అల్లుకున్నాను.

నాలుగు కోతలకు పదును తగ్గింది. రాతి మీద నీళ్ళు పోసి మళ్ళీ నూరినాను. చట్టిలో నీళ్ళ మీద రంగులు రంగులుగా మెరుపు తేలింది. వేలితో తీసి వాసన చూస్తే శెనక్కాయ నూనె. రాతి సందుల్లో దూరి కూర్చున్న నూనె. కత్తి రుద్దే కొద్దీ అది వదులుతా ఉంది, దాని కింద రాయి లేస్తా ఉంది. శబ్దం మారింది. మెత్తగా పోయింది కాస్తా కరకరమంది. గోటి మీద పెట్టి లాగితే దువ్వెన గీసినట్టు గీతలు పడినాయి.

అప్పుడు ఆగుంటే ఏడు పుల్లలు మిగిలేవి. ఆగితే నాయనకు చెప్పాల. వెన్న అని చెప్పి ఒక దినం కాలేదు. అయిదోది కోసినాను. కోత ముఖం మీద నూలుపోగులు లేచినాయి. గట్టిగా కడితే అణిగిపోతాదిలే అనుకున్నాను. ఆరోదానికి ఇంకా ఒత్తి నూరినాను, ఆ రాతి మీద ఎంత నూరితే కత్తి అంత చెడిపోతాదని తెలిసి కూడా. ఏడు, ఎనిమిది. అరటి నార రెండు చుట్లు ఎక్కువ చుట్టినాను, కోత ఎవరికీ కనిపించకుండా. ఎవరు చూస్తారు? చూసే మనిషి లేవలేడు. తొమ్మిది. పుల్ల తల ఎండకు వడిలిపోతా ఉంది. పది. దాన్ని కోసేటప్పుడు బెరడు కోత పడలేదు, చినిగింది. చినిగినదాన్నే కట్టినాను. వెనక చెట్టు మీద నుంచి ఎండుటాకులు రాలతా ఉండాయి.

పదకొండోదానికి కత్తిని రాతి మీద పెట్టినాను.

'ఆపు' అన్నాడు నాయన.

కత్తి పక్కన పెట్టినాను.

'ఎన్ని మిగిలినాయి?' అన్నాడు.

'ఒకటి నాయనా' అన్నాను. తిన్నె దగ్గరికి పోయి నేల మీద కూర్చుని అంతా చెప్పినాను. బావి, ముడి, గాలం, ఇత్తడి బొక్కెన, నూనె గుడ్డ, నాలుక, అంచు దగ్గర చురుక్కుమనడం. ఒక్కటి కూడా కలపలేదు. జీవితంలో అంత పేలవంగా ఎప్పుడూ ఏదీ చెప్పలేదు. ఆయన వింటా ఉండాడు. తిట్టేదానికి నోరు లేదా, ఓపిక లేదా, తెలీదు. కడాన ఎడమచేత్తో వంటింటి వైపు చూపించి, 'జాడీ' అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అమ్మకు అయింది. పింగాణీ జాడీ అడుగున, పైన పూత లేని గరుకు అంచు ఒకటి గుండ్రంగా ఉంటాది. పండగలప్పుడు ఆమె కత్తిపీటను దాని మీదే గీస్తాది. అది చూడ్డానికి గరుకు గాని మంచి రాతి కంటే మెత్తన. ఆ నెల్లోనే పెట్టిన ఊరగాయను అమ్మ చట్టిలోకి కుమ్మరించింది. జాడీని కడిగి, తుడిచి, బోర్లించి నా ముందు పెట్టింది. మిరపకారం ఘాటుకు కండ్లలో నీళ్ళు కారినాయి. కారానికే అని చెప్పుకునే వీలుంది.

కత్తిని సీకాయతో కడిగినాను, నూనె పోయేదాకా. నాయన దగ్గరే తిన్నె మీద కూర్చుని జాడీ అంచున నూరినాను. ఆయన కండ్లు మూసుకుని వింటా, వేలితో కత్తి వాలు చూపించేవాడు. ఇంకొంచెం పడుకోబెట్టు. అంతే. ఒత్తొద్దు. చాలా సేపు పట్టింది. కడాన నా అరచేతి మీద పది దూపులు లాగమన్నాడు. పదకొండో పుల్లను ఆయన ఎదురుగానే కోసినాను. కోతను ఆయన కంటి దగ్గర పెట్టినాను. కండ్లతో సరే అన్నాడు. కట్టినాను.

మరుసటి వారానికి తూర్పు కొమ్మ కూడా ఎండిపోయింది. కట్టెల కోసం చెట్టు కొట్టించినాము.

కుండలు పెరటి గోడ నీడన వరసగా పెట్టినాను. ఎనిమిదో దినానికి మొదటి నాలుగు పుల్లలూ నల్లబడినాయి. అద్దం మాదిరి మెరిసినవే, కోత మీద నూనె అంటినవి. తరువాత మిగతా ఆరు, ఒక్కోటీ, కొన నుంచి కిందికి. నార విప్పి చూస్తే కోతల నడుమ గాలి, బూజు.

నాయన పొద్దున్నే అడిగేవాడు, 'ఎట్లుండాయి?' అని. నేను నిజం చెప్పే మనిషిని ఒక్క దినమే అయినాను. మూడోది కన్ను తెరిచింది నాయనా అని చెప్పినాను. ఏడోది ఎర్రగా చిగురు పెడతా ఉండాది అని చెప్పినాను. రెండోదాన్ని మేక చూస్తా ఉంటే తరిమినానని కూడా చెప్పినాను. లేని మొక్కకు మేకను కూడా తెచ్చినాను. ఆయన విని 'ఊ' అనేవాడు. ప్రతి దినం ఆ 'ఊ' ఇంకొంచెం చిన్నదవుతా వచ్చింది. నేను పెరట్లోకి పోయి చెంబుతో నీళ్ళు పోసి, గోడ వైపు తిరిగి కొంచెం సేపు నిలబడి లోపలికి వచ్చేవాణ్ణి.

ఇరవై దినాలు దాటినాక ఒక పొద్దున, 'ఒకటి తే' అన్నాడు.

పదకొండోదాన్ని తెచ్చి తిన్నె మీద పెట్టినాను. చిగురు లేదు. పుల్ల మాత్రం నల్లబడలేదు, కన్ను కొంచెం ఉబ్బింది. ఆయన కుడిచెయ్యి వైపు చూడలేదు. ఎడమ బొటనవేలి గోటితో, మెల్లగా, ఆవగింజంత మేర బెరడు గీరినాడు. కింద పచ్చగా ఉంది. తడి ఉంది.

'మిగతావి?' అన్నాడు.

చెప్పడానికి నా దగ్గర మేకలు, చిగుళ్ళు, ఇంకా ఏవేవో ఉండాయి. 'పదీ పోయినాయి నాయనా' అన్నాను.

'తెలుసు' అన్నాడు. మిగతా మాటలు కూడగట్టుకోవడానికి సేపు పట్టింది. 'నీళ్ళు... ఒక్క కుండకే పోస్తాండావు. ఇంటానే ఉండా.'

కుండను తన మంచం పక్కనే ఉంచమన్నట్టు చూపించినాడు. ఆయన గోటి కింద ఆ పచ్చ పొర అంటుకునే ఉంది. మధ్యాహ్నం అమ్మ ఎప్పటి మాదిరే కంచం తెచ్చి ఎడమ పక్కన పెట్టింది. ఆయన పచ్చ అంటిన ఆ ఎడమచేతిని రొమ్ము మీద పెట్టుకుని, తియ్యకుండా, అమ్మ వైపు నోరు తెరిచినాడు.